ఇనప సారె

చైత్రం, మొదటి వారం

కుండ వేడి సరిగ్గా ఉంది. గాలి సరిగ్గా ఉంది. పోసిన దిమ్మలు తొంభై.

కంపెనీకి కావలసింది ఈ మూడు ముక్కలే. భూమ్మీద ఎక్కడో ఉన్న లెక్కల యంత్రం నేను రోజూ పంపే కొలిమి లాగ్‌బుక్కులోంచి అంకెలు ఏరుకుని మాటలు వదిలేస్తుందని పోయినేడు కనిపెట్టాను. అనుమానం తీర్చుకుందామని ఒకరోజు అంకెల పక్కనే కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టి చూశాను. మర్నాడు "లాగ్‌బుక్కు అందింది, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. అప్పట్నుంచి ఇందులో నాకు తోచింది రాసుకుంటున్నాను.

నా పేరు దాలెమ్మ. అంచుపేట కొలిమికి ఇన్‌ఛార్జిని. చంద్రుడి మీద ఓ పెద్ద గుంట అంచున ఉంది మా ఊరు. ఇక్కడ ఎండ పోయేది తక్కువ, కాబట్టి కరెంటుకు లోటు లేదు. నీటిమంచు ఉన్న గుంటలన్నీ పెద్ద దేశాలు ఏనాడో పంచేసుకున్నాయి. మాకు మిగిలింది రాయి. రాతిపొడిని కుండలో పోసి, కడ్డీలు దింపి, కరెంటు పెడితే అడుగున ఇనుము దిగుతుంది, పైకి ఊపిరి లేస్తుంది. ఇనుము కంపెనీది, ఊపిరి ఊరిది. మా తాతల కాలంలో ఒప్పందం రాసినవాళ్ళు పైకి పోయే గాలిని పొయ్యి మీది పొగలాగా చూశారు. దాని గురించి కాగితంలో ఒక్క మాట లేదు. ఆ పొగ పీల్చే మా ఊరు మూడు తరాలు బతికింది.

అందుకే మా ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ నెలకొకరు జీతం లేకుండా ఊపిరి షిఫ్టు చేస్తారు. కొత్త కడ్డీ దింపే ముందు పసుపు రాస్తాం. ఆ కడ్డీలు భూమ్మీద తప్ప ఎక్కడా తయారుకావు. కుండలో కొద్దికొద్దిగా అరిగిపోతుంటాయి. కడ్డీ లేకపోతే కుండ చల్లారుతుంది. ఒకసారి చల్లారిన కుండ గోడలు పగిలిపోతాయి, మళ్ళీ పనికిరాదు.

ఈ వారం ఇనుము ఓడ రాలేదు. ఆలస్యమేమో అంటున్నారు.

వైశాఖం, మూడో వారం

ఓడ రాదట. మేనేజరు కామేశంగారు స్వయంగా కొలిమి దగ్గరకొచ్చి చెప్పారు. ఆయన కంపెనీ మనిషి, బెజవాడ వైపు ఆయన, మెత్తగా మాట్లాడతారు. చేదు మాత్ర ఇచ్చే ముందు ఒక నవ్వు నవ్వుతారు.

"దాలెమ్మగారూ, కుజుడి మీద కొత్త కొలుములు లేచాయండి. ఒకటీ రెండూ కాదు, వరసలు వరసలు. వాళ్ళ ఇనుము భూమికి చేరాక కూడా మనదానికన్నా చౌక."

"భూమి మనకి కిటికీలోంచి కనిపిస్తాది కదండీ బాబూ. ఆ కుజుడు యేడున్నాడో దుర్బిణీ ఎట్టినా దొరకడు. అంత దూరంనుంచి మోసుకొచ్చినా సౌకేటి?"

"చౌకేనండి."

"అలగైతే ఆళ్ళు కూడేటి తింతన్నారు, మట్టా?"

ఆయన ఆ నవ్వు నవ్వారు. అసలు సంగతి తర్వాత చెప్పారు. యార్డులో సరుకు కదిలితేనే కంపెనీ కొత్త కడ్డీలు పంపుతుంది. యార్డు నిండుగా ఉంటే కొలిమికి పని లేదనే లెక్క.

యార్డు చూసుకునేది పోలినాయుడు. నాకన్నా చిన్నవాడు, నన్ను అక్క వరస చేసి అప్పా అంటాడు, నోరు ఊరుకోదు. నిన్న అతనే ఒక ఉపాయం చేశాడు. కుర్రాళ్ళని పోగేసి సగం దిమ్మల్ని గుంటలోకి దొర్లించేశాడు. ఇక్కడ బరువు తక్కువ కదా, దిమ్మలు దూదిపింజల్లా తేలుకుంటూ పోయాయని సంబరంగా చెప్పాడు. ఈరోజు కంపెనీ నుంచి కబురు: "సరుకు గుంటలో భద్రపరచినట్లు గమనించాం. నిల్వలో మార్పు లేదు." ప్రతి దిమ్మలోనూ గుర్తు ఉంటుంది. అది ఇంకో ఊరి గేటు దాటి "అందింది" అనిపించుకుంటే తప్ప మన దగ్గరే ఉన్నట్టు లెక్క.

"మరి గుంటలోంచి తీయాలేటి అప్పా?" అన్నాడు పోలినాయుడు తల గోక్కుంటూ.

"ఉండనీ. భద్రంగా ఉన్నాయట కదా" అన్నాను.

జ్యేష్ఠం, చివరి వారం

గాలి పలచబడింది. కడ్డీలు పొదుపు చేయడానికి కరెంటు తగ్గించాం. వంటశాల మెట్లు ఎక్కేసరికి నాకు ఆయాసం వస్తోంది. పిల్లల్ని పరిగెత్తనివ్వడం లేదు. బడిలో పాటలు మానేశారు. పలకలు ముందు పెట్టుకుని వాళ్ళు అలా నిశ్శబ్దంగా కూచుంటే చూడలేకపోయాను.

ఊరికి గాలి కావాలి, దాన్నైనా లెక్కలో వేసుకోండని కామేశంగారి చేత కంపెనీకి రాయించాను. పాపం, బాగానే రాశారు. ఆయన పీల్చేదీ ఈ గాలే. జవాబు ఇవాళ వచ్చింది: "గాలి మా సరుకుల పట్టికలో లేదు." అంతే. చించడానికి అది కాగితం కూడా కాకపోయింది. తెర మీద చూసి తిట్టుకున్నాను.

సాయంత్రం పోలినాయుడు ఇంకో బాధ మోసుకొచ్చాడు. వాళ్ళమ్మాయి వరాలుని పోయినేడు వెనకపాలెం ఇచ్చారు. భూమి ఎప్పుడూ కనపడని వెనకవైపు ఉన్న చిన్న ఊరది. వాళ్ళకూ ఓ చిన్న కొలిమి ఉంది. రెండూ చిన్న ఊళ్ళే కనుక ఊళ్ళో సంబంధాలు చేసుకోకూడదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. వాళ్ళ పిల్లలు ఇటు, మా పిల్లలు అటు. ఆషాఢం వస్తోంది, వరాలుకి సారె పంపాలి. సారె అంటే ఆ ఇంటికి ఒక్కదానికే కాదు. అది ఊరంతా ఇంటింటికీ పంచాలి. మా దగ్గర బెల్లం లేదు, నువ్వులు లేవు, నూనె లేదు.

"సారె బండి కాళీగా ఎల్తే నా పరువేటుంటాదప్పా? మా వరాలు గుంట అత్తోరింట్లో తలెత్తుకోగలదేటి?"

"యార్డు నిండా ఉన్నాది కదరా. అదే ఎక్కించి పంపీ" అన్నాను. ఏడిపించడానికే అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వడం ఆపాక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆషాఢం, రెండో వారం

ఇనుమే పంపాం.

వెనకపాలెంలో మా ఊరి ఆడపిల్లలు ముప్ఫైమంది దాకా ఉన్నారు. అందరి పేరునా సారె కట్టాం. దిమ్మలకి పసుపు బొట్లు పెట్టి, బండ్లకి రంగు గుడ్డలు చుట్టి పంపాం. బండికి పంపేవాళ్ళ వేలిముద్ర ఉండాలి. నా వంతు బండికి నేను వేశాను. నా చెల్లెలు సూరీడమ్మ అక్కడే ఉంది మరి. వెనకపాలెం కొలిమికి తనే ఇన్‌ఛార్జి. మా నాన్న ఇద్దరినీ ఒకే కుండ ముందు నిలబెట్టి పని నేర్పాడు. చేతి నేర్పు తనకే ఎక్కువ వచ్చింది, ఆ సంగతి నాకు తెలుసు.

సారె వద్దనడం మాలో లేదు. పుట్టింటి సారె గుమ్మం నుంచి తిప్పి పంపితే ఆ పుట్టింటితో తెగతెంపులు చేసుకున్నట్టే. కాబట్టి ప్రతి దిమ్మా వాళ్ళ గేటు దాటింది. ప్రతి దిమ్మకీ "అందింది" పడింది. కంపెనీ యంత్రం మురిసిపోయింది. పది రోజుల్లో కడ్డీల ఓడ దిగింది.

సూరీడమ్మ రేడియోలో పిలిచింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"అప్పా, ఏటిది? సున్నుండలు వొస్తాయనుకుంతే ఇనప దిమ్మలు వొచ్చీసినాయి!"

"పంచినావా?"

"ఇంటికి రెండేసి పంచీసాను. మా మావైతే గుమ్మంలో ఏసుకుని దానిమీదే కూకుంతన్నాడు. ఇంత గట్టి సారె ఈ ఊళ్ళో ఎవరికీ రాలేదంతన్నాడు."

ఈ వారం బడిలో మళ్ళీ పాటలు వినిపించాయి. కొత్త కడ్డీకి పసుపు నేనే రాశాను. చాలా రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చి పడుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

భాద్రపదం

శ్రావణంలో నోముల పేరు చెప్పి పంపాం. ఈ నెల ఎవరో కడుపుతో ఉందని పంపాం. అక్కడ ఎవరింట్లో ఏ శుభం జరుగుతుందా అని పోలినాయుడు రేడియో దగ్గరే కాపలా ఉంటున్నాడు. పిల్లకి పన్ను వచ్చినా బండి సిద్ధం. కొలిమి నిండుగా నడుస్తోంది.

సూరీడమ్మ ఈసారి నవ్వలేదు.

"కొత్త ఇళ్ళ వరస కడతన్నారప్పా మా ఊళ్ళో. దిమ్మలకి నాకాడికే వొస్తారనుకున్నాను. రాలేదు. మీ సారె సరిపోనాదంట."

"మంచిదే కదే. నీకు పని తగ్గింది."

"పని తగ్గితే మంచిదేటప్పా?" అంది.

ఏమంటోందో నాకు అర్థమైంది. వాళ్ళ కంపెనీ వేరు, ఊళ్ళో వాడుకున్నదీ లెక్కేస్తుంది; మిగతా పద్ధతి మాదే. వాళ్ళ యార్డు కదిలితేనే వాళ్ళకి కడ్డీలు. అర్థం కానట్టు పిల్లల గురించి అడిగాను. తను చెప్పింది. చిన్నమ్మాయికి జడ వేసే పొడవు జుట్టు వచ్చిందట.

ఆశ్వయుజం

ఇవాళ ఒక కుజం ఓడ ఇంజను బాగుచేసుకోడానికి మా మైదానంలో దిగింది. కడుపు నిండా ఇనుముతో భూమికి పోతోంది. ఊళ్ళో కుర్రాళ్ళు దానివైపు తిరిగి ఉమ్మబోయి, హెల్మెట్లు ఉన్నాయని గుర్తొచ్చి ఆగారు.

ఓడ నడిపే పెద్దమనిషి పేరు ఒకెలో. పొడుగ్గా, నీరసంగా ఉన్నాడు. మెడలో మాటలు మార్చే పెట్టె. దానికి తెలుగు ఎవరు నేర్పారో గాని పాత వాచకంలోంచి నేర్పారు. కొలిమి చూస్తానన్నాడు. నాలుగు దులిపేద్దామనే నేను సరేనన్నాను.

కుండ ముందుకు రాగానే అతను చెప్పులు విప్పాడు. రెండు వేళ్ళు గొంతుకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. మేం పసుపు రాసినట్టే అది వాళ్ళ ఆచారమట.

"మహాశయురాలా, మీ కుండ మిక్కిలి శ్రద్ధగా పోషింపబడినది" అంది పెట్టె.

"పోషించినాం గాని నువ్వెందుకు నాయనా మా నోటికాడ కూడు లాగీసినావు? అంత ఇనుము ఎందుకు పోస్తన్నారు? ఎవుల మీద కచ్చ?"

పెట్టె కాసేపు ఆలోచించింది. అతను విన్నాడు. మొహంలో కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది.

"మా ఊళ్ళయందు ప్రతిదినము జనులు దిగుచున్నారు, శిశువులు జన్మించుచున్నారు. వారికి శ్వాస కావలెను. శ్వాస కొరకు మట్టిని కరగించెదము. ఇనుము మిగులును. దానిని ఎచ్చట ఉంచవలెనో మాకు తెలియుట లేదు. ఎవరేని తీసికొనినచో కృతజ్ఞులము."

ఇన్నాళ్ళూ కుజుడి మీద ఎవరో బలిసినవాళ్ళు కూచుని మమ్మల్ని పడగొట్టడానికి పన్నాగం పన్నుతున్నారని తిట్టుకుంటూ వచ్చాను. తిట్టుకోడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు వాడూ లేకుండా పోయాడు.

"మీ ఇనుము వల్ల మా కొలిమి ఆరిపోతే?" అని అడిగాను.

"క్షమింపుడు. మీ ఊరి పేరు మేము ఈనాటి వరకు వినియుండలేదు."

అతనికి టీ ఇచ్చాను. ఇంజను బాగుపడింది, వెళ్ళిపోయాడు.

కార్తీకం, మొదటి వారం

"అప్పా, సారె ఆపీండి" అంది సూరీడమ్మ. పలకరింపు కూడా లేదు.

వాళ్ళ యార్డు నిండిపోయింది. భాద్రపదం నుంచి కడ్డీలు రాలేదు. వాళ్ళ పెద్దలు మా బండ్లని వద్దనలేరు. వద్దంటే ఇన్ని ఇళ్ళ కోడళ్ళ పుట్టిళ్ళతో తెంచుకున్నట్టు. ఆపగలిగితే మేమే ఆపాలి.

"ఇంకోటి కూడా. రెండంతే రెండు కడ్డీలు ఇయ్యి. మా కుండని సల్లారనివ్వకుండా పట్టుకొస్తాను. నీకు తెలుసు కదా, నాను పట్టుకొస్తాను."

తెలుసు. తనైతే పట్టుకొస్తుంది. మా దగ్గర ఆరు ఉన్నాయి.

వంటశాలలో ఊరిని సమావేశపరిచాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కామేశంగారు నేల చూపులు చూస్తున్నారు. చివరికి ఈ నెల సారె ఆపుదామన్నారు. కడ్డీల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనూ రెట్టించి అడగలేదు.

కార్తీకం, చివరి వారం

సారె ఆపాం. యార్డు నిండింది. కడ్డీల ఓడ రాలేదు. కరెంటు తగ్గించాం.

పెంటయ్య తాత మెట్ల మీద పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. ముసలాడు, గుండె జబ్బు కూడా ఉంది, గాలి వల్లేనని ఎవరూ అనలేదు. బడి మూసేశారు. పిల్లలు గాలి వచ్చే గొట్టాల దగ్గర చాపలు వేసుకుని పడుకుంటున్నారు. వరాలు పురిటికి పుట్టింటికి వచ్చింది. తన పెదాలు నీలంగా ఉన్నాయి.

పోలినాయుడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇవాళ వేళాకోళం లేదు.

"అప్పా, నానేటి అడగను. నా గుంటని, వరాలుని, ఓసారి సూసి రా. అంతే."

చూసి వచ్చాను. వచ్చి బండ్లన్నిటికీ నా వేలిముద్ర వేశాను. సూరీడమ్మకి చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను గాని ఒక్క బండి కూడా ఆపలేదు.

మార్గశిరం

వరాలుకి కొడుకు పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. అంత గట్టిగా ఏడవడానికి గాలి ఉందని ఊరంతా సంతోషించింది.

ఆ రోజే వెనకపాలెం కుండ చల్లారింది.

రేడియోలో సూరీడమ్మ గొంతు మామూలుగానే ఉంది. ఎవరో పొరుగూరి సంగతి చెబుతున్నట్టు చెప్పింది. ఆఖరి కడ్డీ అరిగిపోయాక కరిగిన రాయి మీద తొక్క కట్టిందట. తను అక్కడే కూచుందట. గోడలు పగలడం మొదలయ్యాక ఊళ్ళోవాళ్ళంతా వచ్చి నిలబడ్డారట.

"అందరూ ఇన్నారు సప్పుడు. పిల్లలు కూడా" అంది.

"సూరీడూ, ఇక్కడికొచ్చీండే. అందరూ వొచ్చీండి" అన్నాను. ఏడుస్తున్నాను.

"మరెక్కడికెల్తాం?" అంది.

పుష్యం

వచ్చారు. తలమీద మూటలు, చంకన పిల్లలు, ఊరు ఊరంతా. గాలిగది లోపలి తలుపు తెరవగానే మా ఆడపిల్లలు పుట్టిళ్ళవాళ్ళని పట్టుకుని ఏడ్చారు. ఇళ్ళలో సర్దుకున్నాం. ఒక్కరు కూడా మాకు చాలదనలేదు. ఆ విషయంలో నా ఊరిని చూసి గర్వపడ్డాను. ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు.

సూరీడమ్మ నా ఇంట్లో దిగలేదు. వరాలు అత్తవారితో కలిసి తనూ పోలినాయుడింట్లోనే ఉంటోంది. మొదటి రోజే కొలిమికి వచ్చి షిఫ్టు అడిగింది.

"ఏ షిఫ్టు ఇస్తారు, ఇన్‌ఛార్జిగారూ?"

దెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. పొద్దుటి షిఫ్టు ఇచ్చాను. చెల్లెలు నా కుండ ముందు నిలబడి నాకన్నా బాగా పని చేస్తోంది. కరిగిన రాతి రంగు చూసి పొడి ఎప్పుడు పోయాలో చెప్పేస్తోంది. కుర్రాళ్ళకి అరవకుండా నేర్పుతోంది. నాతో మాత్రం అంకెలు తప్ప మాట్లాడదు. అన్నం తిన్నావా అంటే "తిన్నానండి" అంటుంది.

పీల్చే ముక్కులు పెరిగాయి కాబట్టి కుండ ఎప్పుడూ లేనంత వేడిగా నడపాలి. కడ్డీలు రెట్టింపు అరుగుతున్నాయి. దిమ్మలూ రెట్టింపు. వాటిని తీసుకోడానికి వెనకపాలెం లేదు.

మాఘం, రెండో వారం

యార్డు మళ్ళీ నిండింది. కడ్డీలు మూడున్నాయి.

కామేశంగారు గోడకి పటం తగిలించి దగ్గర్లో ఉన్న ఊళ్ళన్నీ చూపించారు. పెద్దవాళ్ళందరూ కుజం సరుకే కొంటున్నారు. మిగిలింది చినపాలెం. నలభై ఇళ్ళు ఉంటాయి. చిన్న కొలిమి, వాళ్ళ అవసరం మేరకు పోసుకుంటారు.

"ఊరికే ఇస్తామంటే తీసుకోరండి. కొలిమి ఉన్న ఊరు కదా, అనుమానపడతారు" అన్నారు కామేశంగారు. "బంధువులెవరైనా ఉంటే..."

అక్కడ మా ఊరి ఆడపిల్ల ఒక్కతీ లేదు. పోలినాయుడు చెవి దగ్గరకొచ్చి నెమ్మదిగా అన్నాడు.

"సూరీడప్ప ఆడబిడ్డ నీలమ్మని అక్కడే ఇచ్చినారు. సారె పంపితే వొదినే పంపాల. ఏలుముద్ర సూరీడప్పే ఎయ్యాల."

"నువ్వడుగు."

"నావల్ల కాదప్పా. నన్ను కొట్టు, సంపు, నానడగను."

నేనే వెళ్ళాను. షిఫ్టు దిగి కొలిమి గది బయట బల్ల మీద కూచుంది. చిన్నమ్మాయి తన ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. దాని జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. నేను పక్కన కూచోలేదు, నిలబడే చెప్పాను. యార్డు, కడ్డీలు, చినపాలెం, నీలమ్మ. మధ్యలో ఎక్కడా తెలివిగా మాట్లాడడానికి ప్రయత్నించలేదు.

అల్లడం అయ్యేదాకా తను తల ఎత్తలేదు.

"చినపాలెం కుండ ఎవరు సూస్తారో తెలుసా?" అంది.

తెలీదన్నాను.

"నీలమ్మ మొగుడు. అప్పన్న. మా కుండ సల్లారకముందు రెండుమాట్లు కడ్డీలు పంపినాడు. ఆడికాడ ఉన్నవే తక్కువ. తిరిగి ఇమ్మని అడగలేదు."

మా దగ్గర ఆరున్న రోజు నాకు గుర్తుంది. తనకీ గుర్తుంది.

"ఒద్దని సెప్పు సూరీడూ" అన్నాను. "ఒద్దని ఒక్క మాట అను. నాను ఊరికి సెప్పుకుంతాను."

"సెప్పుకుని?"

ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియదు. అది తనకి తెలుసు. అమ్మాయి నిద్రలో కదిలి, నోరు తెరిచి పెద్దగా ఊపిరి పీల్చుకుంది. సూరీడమ్మ దాని గుండె మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత పిల్లని నా చేతుల్లోకి ఇచ్చి లేచింది.

యార్డులో బండ్లు సిద్ధంగా ఉన్నాయి. దిమ్మలకి పసుపు పెట్టలేదు, పోలినాయుడికి చేతులు రాలేదట. సూరీడమ్మ పసుపు అడిగి తీసుకుని ప్రతి బండికీ తనే బొట్టు పెట్టింది. చేసేది సరిగ్గా చెయ్యాలని మా నాన్న చెప్పేవాడు. వేలిముద్ర వేసింది. రేడియో అడిగింది. ఇంటి మనిషి నోటి మాట లేకుండా సారె పంపకూడదు.

నీలమ్మ గొంతు అరుపులా వచ్చింది.

"వొదినా! బతికే ఉన్నారేటి? ఎన్నాళ్ళయిందే నీ గొంతిని! ఏటి, సారె పంపుతన్నావా? నాకా? ఇనపదా!" నవ్వుతూనే ఏడుస్తోంది. "నాకు పుట్టిల్లే లేదనుకున్నాను వొదినా. ఊరే పోనాది కదా అనుకున్నాను. ఉండుండు, ఈయనొస్తన్నాడు."

మగ గొంతు వినిపించింది. నెమ్మదైన మనిషిలా ఉన్నాడు.

"అప్పా, నాను అప్పన్నని. ఎందుకప్పా ఇంత పని? మీరే కష్టంలో ఉన్నారు. పొరుగూరిలో తల దాసుకుని మాకు సారె పంపడమేటి? మీకేటైనా కావాల్నా, సెప్పండి. కడ్డీలు గావాల్నా?"

సూరీడమ్మ కళ్ళు మూసుకుంది. పోలినాయుడు అక్కడ నిలబడలేక బయటికి పోయాడు. నా భుజం మీద పిల్ల వెచ్చగా ఊపిరి విడుస్తోంది.

"ఏటొద్దు తమ్ముడా" అంది నా చెల్లెలు. "ఈడ మాకు గాలి బాగానే ఉన్నాది."